ప్రకాశం పంతులుగారిపై డాక్యుమెంటరీ తీయాలంటే ఏం చదవాలి?

ప్రశ్న: మా అమ్మాయి చరిత్ర ప్రధానాంశంగా బి.ఏ. చివరి సంవత్సరం చదువుతోంది. టంగుటూరి ప్రకాశం పంతులుగారి జీవితంపై డాక్యుమెంటరీ తీయాలని, ఆ పనినే వృత్తిగా చేసుకోవాలని పట్టుదలగా ఉంది. ఏ కోర్సులో చేర్పించాలి? ఇందులో బతుకుతెరువు ఉంటుందా?
- ఒక తండ్రి

జవాబు: నాయకుల జీవితాలపై వచ్చే డాక్యుమెంటరీలలో లోపాలు కెమెరా పనితనంలో కంటే ఆధారాల పరిశీలనలోనే ఎక్కువగా కనిపిస్తాయి. అందువల్ల చరిత్ర చదివిన అమ్మాయి ఈ రంగంలోకి రావాలనుకోవడాన్ని నేను మనస్ఫూర్తిగా ఆహ్వానిస్తున్నాను.

ప్రకాశం గారి పేరు చెప్పగానే మద్రాసులో తుపాకులకు రొమ్ము చూపిన ఘట్టమే అందరికీ గుర్తుకు వస్తుంది. సైమన్ కమిషన్ మద్రాసు వచ్చిన రోజున అది జరిగిందని చాలామంది చెబుతారు. కానీ 1928 ఫిబ్రవరి 3న కమిషన్ దిగింది బొంబాయిలో. ఆ రోజు దేశమంతటా పాటించిన హర్తాళ్ సందర్భంగానే మద్రాసులో కాల్పులు జరిగాయి, ఆ కాల్పుల నడుమే ఆయన ముందుకు నడిచారు. ఇలాంటి తేడాను పట్టుకోవాలంటే ఆనాటి పత్రికలను, ప్రభుత్వ దస్త్రాలను, స్వయంగా ఆయన రాసుకున్న ‘నా జీవిత యాత్ర’ను పక్కపక్కన పెట్టి చదివే ఓపిక కావాలి. ఆ ఓపిక మీ అమ్మాయికి ఉందో లేదో ముందుగా గమనించండి. మిగిలిన పనితనమంతా నేర్చుకుంటే వస్తుంది.

ఆ ఒక్క ఘట్టంతో ఆగిపోయే చిత్రం ఆయనకు న్యాయం చేయదని కూడా ఆమె గ్రహించాలి. 1921లో న్యాయవాద వృత్తిని వదిలి ‘స్వరాజ్య’ పత్రికను స్థాపించి సంపాదననంతా దానికే ధారపోసిన మనిషి, 1946లో మద్రాసు రాష్ట్రానికి ప్రధానమంత్రి (నేటి ముఖ్యమంత్రి పదవికి అప్పటి పేరు) అయి, మరుసటి ఏడాదే సొంత పార్టీ వారి వల్ల పదవి పోగొట్టుకున్నారు. తరువాత కాంగ్రెస్‌ను వదిలి వేరే పార్టీ పెట్టిన ఆయనే 1953 అక్టోబరు 1న అదే కాంగ్రెస్ అండతో ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి అయ్యారు. 1954 నవంబరులో మద్యనిషేధం వివాదంపై అవిశ్వాస తీర్మానం నెగ్గి ఆ ప్రభుత్వం కూలిపోయింది. ఈ మలుపులను దాచకుండా, తీర్పు చెప్పే తొందర లేకుండా చూపగలిగినప్పుడే అది జీవితచరిత్ర అవుతుంది, లేకపోతే సన్మానపత్రంగా మిగిలిపోతుంది.

ఇక చదువు విషయం. పుణేలోని ఫిల్మ్ అండ్ టెలివిజన్ ఇన్‌స్టిట్యూట్, కోల్‌కతాలోని సత్యజిత్ రే ఇన్‌స్టిట్యూట్ దర్శకత్వం, ఎడిటింగ్ వంటి విభాగాలలో శిక్షణ ఇస్తాయి. ఢిల్లీ జామియా మిలియా ఇస్లామియాలోని మాస్ కమ్యూనికేషన్ కేంద్రానికి డాక్యుమెంటరీ విషయంలో మంచి పేరుంది. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలోని సరోజినీ నాయుడు స్కూల్‌ను కూడా పరిశీలించండి. వీటిలో చాలా కోర్సులకు ఏ డిగ్రీ అయినా సరిపోతుంది. ప్రవేశ పరీక్ష, ఇంటర్వ్యూ మాత్రం గట్టిగా ఉంటాయి. నా అభిప్రాయంలో ఆమె ఎడిటింగ్‌ను ప్రధానంగా ఎంచుకోవడం మేలు. పాత ఫుటేజీని, ఛాయాచిత్రాలను, మాటలను కూర్చి కథనం చేసేది ఆ బల్ల దగ్గరే. పైగా ఉపాధి దొరికేదీ ఆ పనిలోనే.

బతుకుతెరువు గురించి దాచకుండా చెబుతాను. కేవలం డాక్యుమెంటరీలతోనే జీవించేవారు తక్కువ. చాలామంది టీవీ సంస్థలకో, ప్రకటనలకో, సంస్థాగత చిత్రాలకో పని చేస్తూ మధ్యలో తమ సొంత చిత్రం తీస్తారు. రాజకీయ నాయకుడి చిత్రానికి అందరికంటే ముందుగా డబ్బు ఇవ్వడానికి వచ్చేది ఆయన కుటుంబమో, అనుచరులో, పార్టీయో అయి ఉంటుంది. ఆ సొమ్ము తీసుకోవడం తప్పు కాదు గాని, చివరి కూర్పుపై నిర్ణయం దర్శకురాలిదేనని ముందే కాగితం మీద రాయించుకోకపోతే పైన చెప్పిన ఆ మలుపులే మొదట కత్తెరకు బలి అవుతాయి. ఈ విషయంలో మీరు తండ్రిగా ఆమె పక్షాన నిలబడండి.

హక్కుల గురించి కూడా ఇప్పటి నుంచే తెలుసుకోవాలి. మన చట్టంలో చలనచిత్రాలకు కాపీరైటు ప్రచురించినప్పటి నుంచి 60 ఏళ్లు, ఛాయాచిత్రాలకు 2012 సవరణ తరువాత తీసిన వ్యక్తి మరణం నుంచి 60 ఏళ్లు. ఆ గడువు తీరినా, ప్రతిని భద్రపరిచిన సంస్థ అనుమతి, రుసుము వేరుగా ఉంటాయి. ‘నా జీవిత యాత్ర’ విషయంలో జాగ్రత్త అవసరం, ఎందుకంటే పంతులుగారి తదనంతరం తెన్నేటి విశ్వనాథం గారు రాసి పూర్తిచేసిన భాగపు కాపీరైటు గడువు లెక్క వేరు. ప్రభుత్వ వార్తాచిత్రాలు తీసిన ఫిల్మ్స్ డివిజన్, పాత చిత్రాలను భద్రపరిచే ఫిల్మ్ ఆర్కైవ్ రెండూ 2022లో ఎన్‌ఎఫ్‌డీసీ (జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థ)లో కలిశాయి కనుక పాత వార్తాచిత్రాల కోసం అక్కడే అడగాలి. థియేటర్‌లో ప్రదర్శించాలంటే డాక్యుమెంటరీకి కూడా సెన్సారు ధ్రువపత్రం తప్పనిసరి.

ఒక పని మాత్రం కోర్సు పూర్తయ్యే దాకా ఆగదు. 1953లో కర్నూలులో ఆయనను ఇరవై ఏళ్ల వయసులో చూసినవారు ఇప్పుడు తొంభై దాటి ఉంటారు. అటువంటి పెద్దలు ఎవరున్నారో ఈ సెలవుల్లోనే వాకబు చేసి, మంచి ఫోను ఒకటి, చొక్కాకు తగిలించే మైకు ఒకటి తీసుకుని, కుటుంబ సభ్యుల సమక్షంలో, రాతపూర్వక అంగీకారంతో వారి జ్ఞాపకాలను రికార్డు చేయమనండి. మొదటి రెండు మూడు రికార్డింగులకు మీరు కూడా తోడు వెళ్లండి.