సిపాయి పాదాల దగ్గర మొదలుపెట్టు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ నవల రాతప్రతి అందిన రోజునే చదవడం మొదలుపెట్టాను. పూర్తయ్యాక రెండు రోజులు పక్కన పెట్టి, మూడో అధ్యాయం ఒక్కటీ మళ్లీ చదివాను. ఈ ఉత్తరమంతా ఆ అధ్యాయం గురించే. మిగతా వాటిలో సరిదిద్దుకోవలసినవి నీకే కనిపిస్తాయి.

1836, విశాఖపట్నం. మద్రాసు సైన్యంలో ఒక దేశీయ పదాతి పటాలం. తెల్లవారుజాము కవాతులో నీ సిపాయి అడుగు తడబడుతుంది. వరుస చెదురుతుంది. కెప్టెన్ దొర అతన్ని సోమరి అంటాడు, తాగి వచ్చాడంటాడు. రెండోసారి కూలబడినప్పుడు సిపాయి తుపాకిని నేలకు విసిరికొట్టి తెల్లవాళ్ల పాలన నశించాలని అరుస్తాడు. యాభై కొరడా దెబ్బలు. అక్కడితో అధ్యాయం ముగుస్తుంది.

నీ వాక్యానికి బలం ఉంది తల్లీ, ఆ మాట ముందే చెబుతున్నాను. కానీ ఒక ప్రశ్న నన్ను వదలడం లేదు. అతను ఎందుకు తడబడ్డాడు? కెప్టెన్ దొర క్రమశిక్షణ లేదన్నాడు. నువ్వు క్రమశిక్షణను ధిక్కరించాడన్నావు. ఇద్దరూ ఆ ఒక్క మాట దగ్గరే ఆగిపోయారు. ఆ మనిషి పాదాల వంక ఎవరూ చూడలేదు.

ఆ కాలంలో ఉత్తర సర్కారు జిల్లాల్లో, అంటే గంజాం నుంచి కిందికి మన కోస్తా పొడవునా, సిపాయిలను పట్టి పీడించిన జబ్బు ఒకటుంది. బెరిబెరి. మద్రాసు సైన్య వైద్యుడు జాన్ గ్రాంట్ మాల్కంసన్ దాని మీద ఒక పెద్ద వ్యాసమే రాశాడు. అది 1835లో మద్రాసులో అచ్చయింది. నీ కథ నడిచే ఏడాదికి సరిగ్గా ముందు! నీ పటాలపు డాక్టరు బల్ల మీద ఆ పుస్తకం ఉండి ఉండవచ్చు.

ఆ జబ్బు ఎలా వస్తుందో తెలుసుకో, నీ అధ్యాయం దానంతట అదే మారిపోతుంది. ముందు అరికాళ్లు తిమ్మిరెక్కుతాయి. నేల మీద అడుగు పడిందో లేదో తెలియదు. పిక్కలు లాగుతాయి, మోకాళ్లు పట్టు తప్పుతాయి. తర్వాత చీలమండల దగ్గర నీరు పడుతుంది, వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉంటుంది. నాలుగడుగులు వేస్తే ఆయాసం. ముదిరితే గుండె ఆగి మనిషి పోతాడు. మొదటి దశలో ఉన్నవాణ్ణి దూరం నుంచి చూస్తే తాగి తూలుతున్నాడనే అనిపిస్తుంది. నాలుగున్నర కిలోల తుపాకి భుజాన పెట్టి, మెడకు బిగుతు పట్టీ కట్టి, విశాఖ ఉక్కలో ఎర్రకోటు తొడిగి, తన పాదాలు తనకే తెలియని మనిషిని నిలబెట్టు. అప్పుడు వరుస ఎందుకు చెదిరిందో పాఠకుడికి నువ్వు చెప్పనక్కరలేదు.

కారణం ఆనాడు ఎవరికీ తెలియదు. గాలి అన్నారు, చెమ్మ అన్నారు, సముద్రపు చలి అన్నారు. అసలు కారణం కంచంలో ఉంది. బియ్యాన్ని తెల్లగా దంపి, తవుడంతా పోగొట్టి, రెండు మూడుసార్లు కడిగి, గంజి వార్చేసి తింటే బి1 విటమిను దాదాపు మిగలదు. అరవ జిల్లాల్లో ఉప్పుడు బియ్యం వాడతారు. వడ్లను ముందే ఉడకబెడతారు కాబట్టి ఆ విటమిను గింజలోకి ఇంకి కొంత నిలుస్తుంది. మన సర్కారు జిల్లాల్లో పచ్చి బియ్యమే అలవాటు. అందుకే ఈ జబ్బు మన తీరాన్ని అంతగా పట్టుకుంది. గుట్టు తెలియడం 1890లలో, జావాలో మొదలైంది. డచ్చి సైనిక వైద్యుడు క్రిస్టియాన్ ఐక్‌మన్ దగ్గరున్న కోళ్లు కాళ్లు చచ్చుబడి పడిపోతున్నాయి. వాటికి పెడుతున్నది సైనిక ఆసుపత్రి వంటశాలలో మిగిలిన తెల్లన్నం. కొత్త వంటవాడు వచ్చి సైన్యపు అన్నం మామూలు కోళ్లకు వేయనన్నాడు. మేత ముతక బియ్యానికి మారింది, కోళ్లు లేచి తిరిగాయి. తర్వాతి శతాబ్దంలో మన జిల్లాల బెరిబెరిని కూనూరులోని పోషకాహార పరిశోధనశాల పరిశీలించింది. 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, ఇప్పుడు జాతీయ పోషకాహార సంస్థగా మనకు తెలిసినది అదే. వీలైతే అక్కడి గ్రంథాలయానికి ఒకసారి వెళ్లు.

ఇప్పుడు నీ సిపాయి ఇంటికి రా. పల్లెలో తల్లి చోళ్ల అంబలి, అంటే రాగి అంబలి, తాగి పెరిగింది, కొడుకునీ దానితోనే పెంచింది. అతను పటాలంలో చేరాడు, నెలకు ఏడు రూపాయల జీతం. తెల్లన్నం తినగల స్థితి వచ్చింది. భార్య బియ్యాన్ని మల్లెపువ్వులా దంపి వండి పెడుతుంది, అది ఆమెకు గర్వం. మద్రాసు సిపాయిల కుటుంబాలు పటాలంతోనే, లైన్లు అనే సిపాయిల నివాసాల గుడిసెల్లో ఉండేవి. కాబట్టి ఆమెను నువ్వు పల్లెలో వదిలేయనక్కరలేదు. అతన్ని పడగొడుతున్నది ఆమె ప్రేమతో పెట్టిన ముద్ద. ఆమెకు తెలియదు, అతనికి తెలియదు, డాక్టరుకు తెలియదు, కెప్టెన్ దొరకూ తెలియదు. ఇంత దుఃఖం చేతిలో ఉండగా నువ్వు కేకలు రాశావు. నా మనసు చివుక్కుమన్నది అందుకే.

ఇక కొరడా. ఇక్కడ నీది తేదీ తప్పు. 1835లో గవర్నర్ జనరల్ విలియం బెంటింక్ దేశీయ సైన్యంలో కొరడా దెబ్బల శిక్షను రద్దు చేశాడు. 1845లో మరో గవర్నర్ జనరల్ హార్డింజ్ మళ్లీ తెచ్చాడు. 1836లో నీ సిపాయి వీపు మీద కొరడా పడదు. అదే కాలంలో తప్పు చేసిన తెల్ల సైనికుడి వీపు మీద మాత్రం పడుతుంది, వాళ్లకు ఆ శిక్ష పోలేదు. నీ కథను 1834కి జరపాలని తొందరపడకు. 1836లోనే ఉంచు. కొరడా పోయాక మిగిలిన పెద్ద శిక్ష కొలువు తీసేయడం. పటాలం పేర్ల పట్టీలోంచి పేరు కొట్టేస్తారు. జీతం, బత్తెం, ముసలితనంలో రావలసిన పింఛను అన్నీ ఒక్క గీతతో పోతాయి. తిమ్మిరెక్కిన కాళ్లతో, భార్యాపిల్లలతో లైన్లలోంచి బయటికి నడవాలి. దెబ్బల గాయం మానుతుందని సిపాయిలకు తెలుసు. దీనికి మానడం లేదు.

బెంటింక్ పేరు వచ్చింది కాబట్టి వెల్లూరు సంగతి చెప్పకుండా ఉండలేను. 1805 నవంబరులో మద్రాసు సేనాపతి క్రాడక్ కొత్త తలపాగా ఉత్తర్వు ఇచ్చాడు. అది టోపీని పోలి ఉంది, దానికి తోలు అలంకారం ఉంది. నొసట బొట్టు, విభూతి వద్దు, చెవి పోగులు తీయాలి, గడ్డం గీయాలి. 1806 మే నెలలో వెల్లూరులో కొందరు సిపాయిలు ఆ తలపాగాను నిరాకరించారు. ఇద్దరికి తొమ్మిదేసి వందల కొరడా దెబ్బలు విధించారు. జూలై 10 తెల్లవారకముందే కోటలో తిరుగుబాటు లేచింది. వందకు పైగా తెల్ల సైనికులు చనిపోయారు. ఆర్కాటు నుంచి గిలెస్పీ అనే ఆంగ్ల అధికారి గుర్రపు దళంతో వచ్చి కోటను తిరిగి పట్టుకున్నాక వందల సంఖ్యలో సిపాయిలను చంపారు. అప్పుడు మద్రాసు గవర్నరు ఈ బెంటింకే. మరుసటి ఏడు అతన్నీ క్రాడక్‌నూ వెనక్కి పిలిపించారు. ఇరవై ఎనిమిదేళ్ల తర్వాత కొరడాను రద్దు చేసిన సంతకం కూడా అతనిదే. ఆ రెంటి మధ్య అతని మనసులో ఏం జరిగిందో నాకు ఊహించాలని ఉంటుంది.

అదే తలపాగా హైదరాబాదులో ఉన్న కంపెనీ దళాలకూ వచ్చింది. అక్కడా సిపాయిలు అట్టుడికిపోయారు. అక్కడి సేనానాయకుడు మాంట్రెసర్ పై ఉత్తర్వును పక్కన పెట్టి తలపాగాను వెనక్కి తీసుకున్నాడు. రక్తపాతం జరగలేదు. అదే సైన్యం, అదే ఆజ్ఞ. ఎదుటి మనిషి మాట వినిపించుకున్నవాడు ఒకచోట ఉన్నాడు, ఇంకోచోట లేడు. నీ కెప్టెన్‌ను ఈ ఇద్దరిలో ఎవరి పక్కన నిలబెడతావో ఆలోచించు. ఇప్పుడు అతను కేవలం ఒక గొంతు. అతనికీ జ్వరాలు వస్తాయి, అతనికీ పై అధికారికి లెక్క చెప్పాల్సిన పటాలం ఉంది, వారం వారం ఎందరు ఆసుపత్రిలో చేరారో రాసి పంపాలి.

ఆ నినాదం గురించి. దాన్ని తీసేయి. నిర్మొహమాటంగా అడుగుతున్నాను. తిరుగుబాట్లు జరగలేదని నేననడం లేదు. నీ విశాఖలోనే 1780 అక్టోబరు 3న సిపాయిలు మద్రాసు ఓడ ఎక్కబోమని ఎదురుతిరిగి అధికారుల మీద కాల్పులు జరిపారు. వాళ్లను హైదర్ అలీ మీద యుద్ధానికి పంపుతున్నారు. సముద్రం దాటితే కులం పోతుందన్న భయమే కారణమని చాలామంది సులువుగా రాసేస్తారు. కానీ అంతకుముందు 1762లో మద్రాసు సిపాయిలు మనీలా దాకా వెళ్లారు, తర్వాత 1824లో రంగూను వెళ్లారు. ఓడ ఎక్కినవాళ్లూ ఉన్నారు, ఎక్కనివాళ్లూ ఉన్నారు. వెనక ఇంటికి జీతం ఎలా అందుతుంది, తిరిగి వస్తామా రామా అన్న ప్రశ్నలు కులంతో పాటే వాళ్ల గుండెల్లో ఉన్నాయి. అదే 1824లో బెంగాలులోని బారక్‌పూర్‌లో 47వ పటాలం కదలనన్నది. వాళ్ల కోరికల్లో సామాను మోయడానికి ఎద్దులు కావాలన్నది ఒకటి. ఎద్దులు దొరకలేదు, ఫిరంగులు దొరికాయి. వాళ్ల మీద పేల్చారు. ఎద్దు కోసం చచ్చిన మనిషి నోట మన కాలపు నినాదం పెడితే అతని సొంత బాధను లాక్కున్నట్టే. అతని కోపానికి అతని మాటలే ఇవ్వు: జీతం, బత్తెం, ఎద్దు, తలపాగా, ఇల్లు.

ఒక సంగతి నన్ను చాలా ఏళ్లుగా బాధపెడుతోంది, అది నీకు అప్పగించాలని ఉంది. క్లైవు వెంట మద్రాసు నుంచి బెంగాలు వెళ్లిన సిపాయిల వల్ల ఉత్తర దేశంలో సిపాయి అంటేనే 'తిలంగా' అయింది. 1857లో ఢిల్లీ జనం తిరుగుబాటు సిపాయిలను అలాగే పిలిచారు. మన పేరు అంతగా సైన్యానికి అంటుకుంది. తర్వాత 1881 నుంచి 1885 వరకు మద్రాసు సేనాపతిగా ఉన్న రాబర్ట్స్, ఇక్కడి సైనికుల్లో పాత యుద్ధ స్ఫూర్తి చచ్చిపోయిందని తేల్చాడు. సుదీర్ఘ శాంతి వాళ్లను మెత్తబరిచిందని 1897లో తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. కొన్నేళ్లలో మద్రాసు పటాలాలు కొన్నింటిలో ఇక్కడివాళ్లను తీసేసి పంజాబీలతో నింపారు. వంతెనలు కట్టే, బాటలు వేసే మద్రాసు సాపర్స్ మాత్రం అలాగే నిలిచింది, మంచి పేరుతోనే. అందులోనూ మన జిల్లాల మనుషులే ఉన్నారు. దారుఢ్యం రక్తంలో ఉంటే ఒకే ఊరి అన్నదమ్ముల్లో ఒకడు పనికిరాకపోవడం, ఇంకొకడు మెప్పు పొందడం ఎలా కుదురుతుంది? ఇది నీ నవల కాలానికి తర్వాతి కథ, దీన్ని అందులో ఇరికించకు. కానీ 'పనికిరాడు' అన్న మాట పాత కాగితాల్లో కనిపించినప్పుడల్లా, అది రాసిన చెయ్యి ఎవరిదో, ఆ పూట సిపాయి ఏం తిన్నాడో అడిగే అలవాటు చేసుకో.

మూడో అధ్యాయం మళ్లీ రాసి పంపు. కవాతు మైదానంతో కాకుండా ముందురోజు రాత్రి లైన్లలో మొదలుపెట్టు. రోకటి పోటు వినిపించాలి, గంజి వార్చిన ఆవిరి కనిపించాలి. అతను కాళ్లు చాపుకుని కూర్చుంటే చీలమండ దగ్గర వాపును ముందుగా చూసినది ఎవరో నాకు తెలియాలి. భార్యే చూసి ఉంటుందని నా ఊహ. చూసి ఏమన్నదో నువ్వే రాయాలి.

ఆశీస్సులతో.