ముందు నాన్నతో చెలిమి కుదరనివ్వండి

ప్రశ్న: మాది విజయవాడ. నా వయసు 33, బ్యాంకులో పనిచేస్తున్నాను. మావారు మందుల కంపెనీలో ఏరియా మేనేజర్. వారంలో నాలుగైదు రోజులు క్యాంపుల్లోనే ఉంటారు. మాకు ఒక్కడే బాబు. నాలుగేళ్లు నిండాయి, ఎల్‌కేజీ చదువుతున్నాడు. దసరా సెలవులకి మా ఆడపడుచు కుటుంబంతో కలిసి రెండు కార్లలో అరకు వెళ్లాం. ఘాట్ రోడ్డులో బాబుకి వాంతులయ్యాయి. బొర్రా గుహల్లోకి దిగగానే భయపడి ఒకటే ఏడుపు. మావారు ఎత్తుకోబోతే ఇంకా గట్టిగా ఏడ్చి నా మెడ వదల్లేదు. ఆయనకి కోపం వచ్చి అందరి ముందూ అరిచి, ఒక దెబ్బ వేశారు. 'ఒక్కడే కదా వదినా, అందుకే ఇంత మొండి. నీ గారాబం కూడా ఎక్కువైంది. ఇంకొకర్ని కనండి, వాడే దారికొస్తాడు' అంది మా ఆడపడుచు. అత్తగారిదీ అదే మాట. పైగా 'ఈ వయసులో ఊళ్లు తిప్పితే వాడికేం గుర్తుంటుంది, దండగ' అంటారు. తిరిగి వచ్చేటప్పుడు మావారు దారంతా మాట్లాడలేదు. వాడు పెద్దయ్యేదాకా ఇక ఏ ట్రిప్పూ లేదన్నారు. ఆయన బాబుని ఒక్క పూట కూడా ఒంటరిగా చూసుకోలేరు, నేను వదలను కూడా. రెండో బిడ్డని కంటే బాబు మారతాడా? అప్పటిదాకా ప్రయాణాలు మానేయాలా? — ఒక సోదరి, విజయవాడ

జవాబు: అమ్మా, మీరు అడిగిన రెండు ప్రశ్నలకీ జవాబు చిన్నదే. ముందు అది చెప్పేస్తాను. మీ ఉత్తరంలో అసలు బాధ వేరే చోట ఉంది.

రెండో బిడ్డ సంగతి. ఇంకొకరు కావాలని మీకూ మీ ఆయనకూ మనసులో ఉంటే కనండి, సంతోషం. మొదటివాణ్ని దారిలో పెట్టడానికి మాత్రం కనకండి. పుట్టబోయే బిడ్డ మీద అంత బరువు పెట్టే హక్కు ఎవరికీ లేదు. ఒక్కరే అయితే మొండిగా తయారవుతారనే మాట మన ఇళ్లలో తరాలుగా ఉంది. కానీ టోనీ ఫాల్బో, డెనీస్ పోలిట్ అనే ఇద్దరు పరిశోధకులు అప్పటిదాకా జరిగిన వందకు పైగా అధ్యయనాలను కలిపి చూసి, 1986లో ఫలితాలు ప్రకటించారు. ఒంటరి పిల్లలు స్వభావంలో గానీ నలుగురితో కలవడంలో గానీ తోబుట్టువులున్న పిల్లలకంటే ఏమీ తీసిపోరని తేలింది. మీ ఆడపడుచు గారు ఇద్దరు పిల్లల తల్లి అయినా పదిమంది తల్లి అయినా, మీ ఇంట్లో ఎంతమంది పుట్టాలో ఆవిడ చెప్పాల్సిన విషయం కాదు.

ఇక ప్రయాణాలు. మానకండి. ఘాట్ రోడ్డులో వాంతులు కావడం మొండితనం కాదు, పెంపకం లోపమూ కాదు. రెండేళ్ల నుంచి పన్నెండేళ్ల దాకా పిల్లలకి ఇది పెద్దవాళ్లకంటే ఎక్కువ. కళ్లు కారు లోపలి సీటునే చూస్తుంటాయి, చెవి లోపలి భాగానికేమో ప్రతి మలుపూ తెలుస్తుంటుంది. ఆ రెండిటికీ పొంతన కుదరక కడుపులో తిప్పుతుంది. ఫోన్ చేతికిస్తే ఇంకా ఎక్కువవుతుంది. బయలుదేరే ముందు కడుపు నిండా పెట్టకండి, కొంచెం తేలికగా తినిపించండి. దూరంగా ఉన్న కొండని చూపించండి, కిటికీ కాస్త తీయండి, మధ్యలో ఆపి కాసేపు నడిపించండి. మందు వేయాలంటే పిల్లల డాక్టర్‌ని అడిగి వేయండి.

బొర్రా గుహల సంగతి కూడా ఒకసారి వాడి వైపు నుంచి చూడండి. మెట్లు దిగేకొద్దీ చీకటి. ఆ చీకట్లో రంగురంగుల లైట్లు, మన గొంతులే తిరిగి మనకి వినిపించే పెద్ద పెద్ద గోడలు, పైన గబ్బిలాలు. సున్నపురాయి కరిగి ఏర్పడిన అద్భుతమని మనకి తెలుసు. వాడికి తెలిసింది, ఉన్నట్టుండి అమ్మా నాన్నా తనని ఒక చీకటి గదిలోకి తీసుకెళ్లారని. అప్పటికే వాడు పగలంతా కారులో ఉన్నాడు, వాంతులతో నీరసపడ్డాడు, నిద్ర సరిగా పోలేదు. మూడు నాలుగేళ్ల పిల్లలకి రోజుకి పది నుంచి పదమూడు గంటల నిద్ర కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఏడవక ఏం చేస్తాడమ్మా?

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. 'ఆయన బాబుని ఒక్క పూట కూడా ఒంటరిగా చూసుకోలేరు, నేను వదలను కూడా' అని ఒక వాక్యం రాసి, దాన్ని అక్కడే వదిలేసి ముందుకెళ్లిపోయారు. నేను అక్కడే ఆగిపోయాను. మీ ఇంట్లో తేడా వచ్చింది బాబుకీ లోకానికీ మధ్య కాదు. తండ్రికీ కొడుక్కీ మధ్య. వాళ్లిద్దరికీ ఇంకా పరిచయం కుదరలేదు.

మీ ఉత్తరం మళ్లీ ఒకసారి చదువుకోండి. అందులో మీవారు చేసిన పనులేమిటి? క్యాంపులకి వెళ్లారు, ఎత్తుకోబోయారు, అరిచారు, కొట్టారు, మాట్లాడటం మానేశారు. వాడికి అన్నం కలిపినట్టు, స్నానం చేయించినట్టు, పక్కలో పడుకోబెట్టుకుని కబుర్లు చెప్పినట్టు ఒక్క ముక్క లేదు. ఆయన చెడ్డవాడని నేను అనుకోవడం లేదు. ఎండనకా వాననకా ఊళ్లు తిరిగి సంపాదిస్తున్నది ఈ పిల్లవాడి కోసమే అని ఆయన మనసా వాచా నమ్ముతూ ఉంటారు. కానీ నాలుగేళ్లవాడికి జీతం కనబడదు. వారంలో రెండు రోజులు ఇంటికొచ్చే ఒక పెద్ద మనిషి కనబడతాడు. ఆ పెద్ద మనిషి ముద్దు చేస్తాడు, బొమ్మ తెస్తాడు, అలిసిపోయి ఉంటే విసుక్కుంటాడు. చీకట్లో భయం వేసిన క్షణంలో పిల్లలు తమ ఒంటికి బాగా అలవాటైన చేతుల్లోకే పోతారు. ఆ రోజు వాడు మీ మెడ పట్టుకున్నది అందుకే.

మీవారి కోపం కూడా నాకు అర్థమవుతోంది. చెల్లెలు, బావగారు, వాళ్ల పిల్లలు అందరూ చూస్తుండగా సొంత కొడుకు తన దగ్గరికి రానన్నాడు. అది ఆయన్ని ఎక్కడో గుచ్చింది. మన ఇళ్లలో మగవాళ్లకి ఆ నొప్పిని నొప్పి అని చెప్పుకోవడం ఎవరూ నేర్పలేదు. వాళ్లకి తెలిసింది అరవడం ఒక్కటే. అర్థమవుతోంది కదా అని ఆ దెబ్బని మాత్రం నేను ఒప్పుకోను. భయపడిన పిల్లవాణ్ని కొట్టడం తప్పు. ఆ తప్పు ఆయన వాడితోనే చెప్పాలి. 'ఆ రోజు నీకు భయం వేసింది, నాన్న కొట్టాడు. నాన్నది తప్పు, ఇంక కొట్టను' అని. పిల్లల ముందు తగ్గితే తండ్రి విలువ పోతుందని మన పెద్దవాళ్లు అనుకునేవారు. నేను అలా అనుకోను. తప్పు ఒప్పుకున్న తండ్రిని పిల్లలు ఇంకా గట్టిగా నమ్ముతారు.

మీ వంతు కూడా చెప్పాలి కదా. చాలా ఇళ్లలో జరిగేదే మీ ఇంట్లోనూ జరుగుతుందేమో ఆలోచించండి. అన్నం తినకపోతే, నిద్రపోకపోతే 'ఉండు, నాన్న రానీ, చెప్తాను' అంటున్నారా? అంటే ఈ రోజే ఆపేయండి. ఇంట్లో లేని మనిషిని బూచిని చేసి, వచ్చాక ఆయన ఒళ్లో కూర్చోమంటే ఏ పిల్లవాడు కూర్చుంటాడు? ఆయన ఎప్పుడైనా అన్నం కలిపితే 'అలా కాదండీ, ముద్ద పెద్దదైంది, ఇటివ్వండి' అని కంచం లాక్కుంటున్నారా? ఉద్యోగం చేస్తూ, ఇల్లు చూసుకుంటూ, పిల్లవాడి ప్రతి పనీ మీ చేతుల మీదుగానే జరగాలనుకుంటే ముందు అలిసిపోయేది మీరే. ఆ అలసటకి మీకు దొరికిన బహుమతి ఏమిటి? 'నీ గారాబం ఎక్కువైంది' అన్న మాట. పెంచడంలో భాగం లేనివాళ్లందరూ పెంపకానికి వంక పెడుతుంటే మీరు ఎందుకు భరించాలి?

కాబట్టి ముందు మీవారితో మాట్లాడండి. బాబు నిద్రపోయాక, ఇద్దరే ఉన్నప్పుడు. అరకు గొడవతో మొదలుపెట్టకండి, ఆడపడుచు మాటతో అసలే వద్దు. 'వాడు మీ దగ్గరికి రాకపోతే నాకూ బాధగా ఉంది. వాడికి మీరు అలవాటు కావాలి, నేను అడ్డు రాను' అని చెప్పండి. ఇక్కడ మీరు ఇవ్వాల్సిన మాట ఆ చివరిదే. నిలబెట్టుకోవడం కష్టం. అయినా నిలబెట్టుకోండి.

ఆదివారం తలంటు నాన్నకి వదిలేయండి. కళ్లలో కుంకుడు రసం పడుతుంది, వాడు ఏడుస్తాడు, బాత్‌రూమ్ అంతా నీళ్లవుతుంది. మీరు ఆ పూట ఇంట్లో ఉండకండి. మీ అమ్మగారింటికో స్నేహితురాలి దగ్గరికో వెళ్లండి. మధ్యలో ఫోన్ చేసి 'తిన్నాడా, ఏడ్చాడా' అని అడగకండి. మొదటి వారం వాడు అమ్మ కావాలని గోల చేస్తాడు, ఆయన విసిగిపోతారు. రెండో వారం కూడా అంతే కావచ్చు. ఆ పూటలన్నీ ఎవరూ మధ్యలో దూరకుండా వాళ్లిద్దరే దాటాలి. మీ అత్తగారు దూరబోతే మీవారే 'నేను చూసుకుంటానమ్మా' అనాలి. ఆ మాట మీరు అంటే గొడవ, ఆయన అంటే గౌరవం.

క్యాంపులో ఉన్న రోజుల్లో వీడియో కాల్ చేసినప్పుడు వాణ్ని 'నాన్నకి హాయ్ చెప్పు, రైమ్ చెప్పు' అని వేధించకండి. అడగ్గానే కబుర్లు చెప్పే వయసు కాదది. ఆయన్నే చెప్పమనండి. ఈ రోజు ఏలూరులో రైల్వే గేటు పడితే ఎంతసేపు ఆగారో, గూడ్స్ బండికి ఎన్ని పెట్టెలున్నాయో, భోజనం దగ్గర ఏ కూర వేశారో. అయిదు నిమిషాలు చాలు. రోజూ రావాలి, అంతే.

కాస్త అలవాటయ్యాక ఇద్దర్నీ రైలెక్కించండి. మీరు లేకుండా. అరకు దాకా అక్కర్లేదు, తెనాలి చాలు. పాసింజర్‌లో విజయవాడ నుంచి గంటలోపే. కృష్ణ మీద వంతెన దాటేటప్పుడు ప్రకాశం బ్యారేజీ కనబడుతుంది. వాడి చేత రూపాయి బిళ్ల నదిలో వేయించమనండి. తెనాలిలో దిగి ఇడ్లీ తిని, తర్వాతి బండికి తిరిగి వచ్చేయమనండి. అయిదేళ్లలోపు పిల్లలకి విడిగా సీటు అడగకపోతే టికెట్ అక్కర్లేదు. వాడు నాన్న ఒళ్లో కూర్చుని వెళ్లే ప్రయాణం అదే కావాలి.

'వాడికేం గుర్తుంటుంది' అన్న అత్తగారి మాటలో నిజం లేకపోలేదు. మూడేళ్లకి ముందు జరిగినవి పెద్దయ్యాక దాదాపు ఎవరికీ గుర్తుండవు, నాలుగో ఏటివీ కొద్దికొద్దిగానే మిగులుతాయి. గుహ మరిచిపోతాడు, తెనాలి ఇడ్లీ మరిచిపోతాడు. కానీ భయం వేసినప్పుడు ఎవరి దగ్గరికి పోవచ్చో, ఎవరి దగ్గర ఏడిస్తే తిట్టరో పిల్లలు ఈ ఏళ్లలోనే నేర్చుకుంటారు. తర్వాత దాన్ని మార్చడం చాలా కష్టం. పదిహేనేళ్ల కొడుకు తనతో మాట్లాడటం లేదని కన్నీళ్లు పెట్టుకుని ఉత్తరాలు రాసే తండ్రులున్నారు. మీవారికి ఇంకా సమయం ఉంది. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఆ తర్వాత అరకు మళ్లీ వెళ్లండి, ఈసారి మీ ముగ్గురే. రెండు కుటుంబాలు కలిసి వెళ్తే పోలికలు మొదలవుతాయి. పెద్ద పిల్లల వేగానికి చిన్నవాడు పరిగెత్తాలి, వాడి నిద్రవేళ ఎవరికీ పట్టదు. విశాఖ దాకా వెళ్లి ఒక రాత్రి ఉండి, పొద్దున్నే అరకు మీదుగా వెళ్లే కిరండూల్ రైలెక్కండి. కొత్తవలస–కిరండూల్ మార్గంలో 58 సొరంగాలున్నాయి, అరకు దాకా అవి తగులుతూనే ఉంటాయి. బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి తేవడానికి 1960లలో వేసిన దారి ఇది. కథ చెప్పడానికి నాన్నకి బోలెడు సరుకు. సొరంగంలో చీకటి పడి, కాసేపటికే వెలుగొస్తుంది. నాన్న పక్కన కూర్చుని ఒక్కోటీ లెక్కపెడితే చీకటంటే ఉన్న బెదురు కూడా కొంత తగ్గవచ్చు. అన్ని గంటలు ఒళ్లో కూర్చోవడం ఇద్దరికీ కష్టం కాబట్టి వాడికీ ఒక సీటు తీసుకోండి. సీటు కావాలంటే పూర్తి చార్జీ పడుతుంది, పడనివ్వండి. బొర్రా గుహలకి ఈసారి బలవంతంగా దింపకండి. వాడు వస్తానంటే తీసుకెళ్లండి, లేదంటే మీరొక్కరే వెళ్లి చూసి రండి. నాన్నా కొడుకూ బయట మొక్కజొన్న పొత్తు తింటూ ఉంటారు. రాత్రి కథ చెప్పి పడుకోబెట్టే పని ఆయనది.

ఇవన్నీ చెప్పినా మీవారు 'పిల్లల పని ఆడవాళ్లది' అని కొట్టిపారేస్తే, సర్దుకుపోండి అని నేను చెప్పను. ఇద్దరూ కలిసి ఒక ఫ్యామిలీ కౌన్సెలర్ దగ్గరికి వెళ్లండి. రెండో బిడ్డ మాట అప్పటిదాకా ఎవరు ఎత్తినా 'మేమిద్దరం చూసుకుంటాం' అనే ఒక్క మాటతో ఆపేయండి. ఆడపడుచు ఎత్తితే జవాబు ఇవ్వాల్సింది మీరు కాదు, ఆమె అన్నయ్య. ఆ సంగతి కూడా ఆ రాత్రే ఆయనకి చెప్పండి.