కుడి తుంటి నొప్పికి కర్ర ఎడమ చేతిలోనే ఉండాలి

అమ్మకు కుడి తుంటి నొప్పి, కర్ర ఏ చేత్తో పట్టుకోవాలని అడిగారు. ఎడమ చేత్తోనండీ. మా నాయన విషయంలో మేం చేసిన తప్పు మీరు చేయొద్దు.

నాయనకూ కుడి తుంటే. నొప్పి కుడివైపు కదా అని మేమే కర్ర కుడి చేతికిచ్చాం. మూడు నెలలు అలాగే నడిచాడు. దేవుని కడప గుడికి పోయి వచ్చేసరికి ఒళ్లంతా కుడికి ఒరిగి, భుజం మీది తువ్వాలు జారిపోయి ఉండేది. ఫిజియోథెరపీ చేసే అమ్మాయి ఒకరోజు కర్ర తీసి ఎడమ చేతిలో పెట్టింది. పది అడుగులేసి ఆగి, "బరువు తగ్గిందే" అన్నాడు నాయన.

నిజంగానే తగ్గుతుంది. నడకలో ప్రతి అడుగుకూ కాసేపు ఒంటికాలి మీదుంటాం. మనిషి 60 కిలోలైతే, నేల మీదున్న కాలు పోను దాదాపు 50 కిలోలు ఆ తుంటి కీలే మోయాలి. ఆ బరువు కీలుకు సూటిగా పైన ఉండదు, సుమారు 10 సెంటీమీటర్లు లోపలికి ఉంటుంది. నడుము అటు పడిపోకుండా తుంటి పక్కన కండరం ఇటునుంచి లాగి పట్టాలి. దానికి దొరికే దూరమేమో 5 సెంటీమీటర్లే, ఒక చేయి పొట్టిగా ఉన్న తక్కెడ లాగా. అందుకే అది 100 కిలోల బలంతో లాగుతుంది. ఆ 100, ఈ 50 కలిసి కీలు మీద 150. తుంటిని ఇలా తక్కెడగా చూసి లెక్కగట్టినవాడు జర్మన్ ఎముకల వైద్యుడు ఫ్రెడ్రిక్ పావెల్స్, 1935లో.

ఎడమ చేతిలోని కర్ర కుడి కీలుకు దాదాపు అర మీటరు దూరం. అక్కడ 5 కిలోలు నొక్కితే చాలు, కండరం లాగాల్సింది 50కి, కర్ర మోసే 5 పోను కీలు మీది భారం 95కి దిగుతాయి. కుడి చేత్తో అయితే ఒళ్లు కర్ర మీదికి వాల్చితే తప్ప సాయం అందదు. నాయన ఒరిగింది అందుకే.

చెప్పులేసుకుని చేయి వేలాడేస్తే కర్ర పిడి మణికట్టు దగ్గరికి రావాలి. కర్ర, నొప్పి కాలు కలిసి ముందుకు పడాలి. మెట్లెక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు కర్ర, నొప్పి కాలు ముందు. కర్ర కింది రబ్బరు అరిగితే వెంటనే మార్చండి, మన ఇళ్లలో కడప బండలు తడిస్తే బాగా జారతాయి.

కూరగాయల సంచి మీరే మోయండి. ఆమె పట్టుకుంటానంటే, తేలికైనదే కుడి చేతికివ్వండి. ఎడమవైపు బరువు పెరిగేకొద్దీ ఆ కండరం ఇంకా గట్టిగా లాగాల్సి వస్తుంది.