కొట్లాటలో కథ వెతుకు

చిరంజీవికి ఆశీస్సులు.

బ్రూస్ లీ హీరోగా వేసిన కుంగ్‌ఫూ సినిమా 'ఎంటర్ ది డ్రాగన్' మీద నువ్వు పంపిన సమీక్ష చదివాను. వాక్యం నీ చేతిలో తడబడకుండా నడుస్తోంది, సంతోషం. అయితే మొదటి పేరా మొత్తం బ్రూస్ లీ మరణానికే ఇచ్చేశావు. 1973 జూలై 20న హాంకాంగ్‌లో ఆయన చనిపోవడం, అప్పటికి వయసు 32 మాత్రమే కావడం, మరుసటి నెలలో సినిమా అమెరికాలో విడుదల కావడం, అన్నీ నిజాలే. ఆ విషాదం తెలిసినవాళ్లు ఈ సినిమాను మామూలుగా చూడలేరు. అందుకే ఆ సంగతి ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు సాగిపో. పోయినవాడి మీద గౌరవంతో సినిమాకు మార్కులు వేస్తే అది సంతాప సభ అవుతుంది. కాపలావాళ్లలో ఒకడిగా కనిపించి మెడ విరగ్గొట్టించుకునే కుర్రవాడు జాకీ చాన్ అని అర పేరా రాశావు. ఆ కబురు అందరికీ ఎప్పుడో తెలుసు, తీసెయ్.

రెండో పేరాలో "ఫైట్లు అద్భుతం, కథ బలహీనం" అని తేల్చేశావు. ఈ మాట ఏ యాక్షన్ సినిమాకైనా అతుకుతుంది కాబట్టి ఈ సినిమా గురించి నువ్వు ఇంకా ఏమీ చెప్పనట్టే. పోటీల సినిమాలో కథ నడవాల్సింది కొట్లాటలోనే. బరిలోకి దిగేటప్పుడు ఆ మనిషి ఎవరు, బయటికి వచ్చేటప్పటికి ఏమయ్యాడు? రెండింటికీ తేడా లేకపోతే ఎంత వేగంగా కాళ్లు విసిరినా అది కసరత్తే. ఇది మనసులో పెట్టుకుని ఇంకోసారి చూడు.

ఉదాహరణకు విలన్ హాన్ అంగరక్షకుడు ఓహారాతో పోరు. బాబ్ వాల్ వేసిన ఈ పాత్ర పోటీకి ముందు లీ కళ్లెదుటే చెక్కను గాల్లోకి ఎగరేసి గుద్ది విరగ్గొడతాడు. చెక్కలు తిరిగి కొట్టవు అంటాడు లీ, మొహంలో ఏ కదలికా లేకుండా. తర్వాత ఇద్దరూ చేతులు ముందుకు చాచి మణికట్టుకు మణికట్టు ఆనించి నిలబడతారు. ఆపైన జరిగింది మన కంటికి అందదు. ఓహారా నేల మీద ఉంటాడు, అంతే. లేచి మళ్లీ చెయ్యి ఆనిస్తాడు, మళ్లీ పడతాడు. తన తోబుట్టువు సు లిన్ చావుకు ఇతడే కారణమని లీకి తెలుసు. అయినా తొందరపడడు, వాడు లేచేదాకా ఆగుతాడు. ఆ ఆగడంలో ఉంది కథ. చివరికి ఓహారా సీసాలు పగలగొట్టి మీదికి వస్తాడు, లీ అతణ్ణి పడగొట్టి పైకెగిరి దిగుతాడు. అప్పుడు కెమెరా కింద పడ్డవాడిని వదిలేసి లీ మొహం మీదే నిలుస్తుంది. కోపమూ దుఃఖమూ కలిసిపోయి వంకర తిరిగిన మొహం, నెమ్మదించిన కదలికలో. నీ సమీక్షలో ఈ మొహం గురించి ఒక్క ముక్క లేదు.

ఇంకో సంగతి గమనించావా? దారులన్నీ మూసుకుపోయాక సు లిన్ ప్రాణం తీసుకున్నది గాజు ముక్కతో. ఓహారా చేతికి వచ్చింది పగిలిన సీసా. ఆఖరి పోరు అద్దాల గదిలో. దర్శకుడు రాబర్ట్ క్లౌస్ ఇది కావాలని చేశాడో లేదో మనం తేల్చనక్కర్లేదు. తెర మీద ఉంది, రాయవచ్చు.

ఇక లోపాలు. "కథ బలహీనం" అనే బదులు ఎక్కడ, ఎందుకు అన్నది చెప్పు. అన్నిటికన్నా పెద్దది ఆ పోటీయే. హాన్ తన దీవిలో పెట్టిన పోటీకి వచ్చినవాళ్లలో ఎవరు ఎవరితో తలపడతారో, ఓడితే ఏమిటో, గెలిస్తే ఏమిటో సినిమా పట్టించుకోదు. సగం దూరం పోయాక పోటీని గాలికి వదిలి గూఢచారి కథ అందుకుంటుంది. విజేత ఎవరన్న ప్రశ్నే మిగలదు. పడవ ప్రయాణంలో, పోటీకి వెళ్తున్న ఇద్దరు అమెరికన్లలో రోపర్ అప్పుల గొడవ, విలియమ్స్‌కు పోలీసులతో తగవు అంత ఓపికగా చూపించి, తర్వాత వాటిని దాదాపు మరిచిపోయింది. విలియమ్స్‌గా వేసిన జిమ్ కెల్లీ నిజజీవితంలో కరాటే ఛాంపియన్, పైగా తెర మీద చూపు తిప్పుకోనివ్వని మనిషి. అతణ్ణి మధ్యలోనే హాన్ చేతిలో చంపించేశారు. నాకైతే ఇది సినిమా చేసిన అతి పెద్ద దుబారా. స్త్రీ పాత్రల్లో సు లిన్‌గా కొద్ది నిమిషాలే ఉన్న ఏంజెలా మావో తప్ప మిగతావాళ్లకు చెప్పుకోదగ్గ పని లేదు. ఆఖర్లో వచ్చే గుంపు కొట్లాట అయితే జాతర తొక్కిసలాట లాగే ఉంటుంది. వెనక వరసలవాళ్లు ఎవరితో ఎందుకు తలపడుతున్నారో వాళ్లకే తెలియనట్టు ఉంటారు.

హాన్ విషయంలో మాత్రం నీ తీర్పుతో నేను ఏకీభవించను. విలన్ ముసలివాడు, హీరోకు దీటు కాడు అన్నావు. హాన్‌గా వేసిన షీ కియెన్‌కు అప్పటికి అరవై ఏళ్లు. లీతో సూటిగా తలపడితే నిమిషం నిలబడడు, నిజం. ఆ చిక్కును సినిమా ఎలా దాటిందో చూడు: చేతికి ఇనుప పంజా ఇచ్చింది, చుట్టూ అద్దాలు నిలబెట్టింది. దెబ్బకు ఎదురులేని మనిషికి ఎవరిని కొట్టాలో తెలియకుండా చేసింది. లీ ఒక్కో అద్దాన్నీ పగలగొట్టుకుంటూ పోవడం నేను చూసిన పతాక సన్నివేశాల్లో మంచి ఆలోచనల్లో ఒకటి.

ఇక్కడే నువ్వు ఏ ప్రింటు చూశావో చెప్పాలి. శత్రువు చూపించేవి ప్రతిబింబాలే, వాటిని చెదరగొడితే శత్రువు కూలిపోతాడని గురువు మొదట్లో చెప్పే సంభాషణ 1973లో అమెరికాలో విడుదలైన ప్రింటులో లేదు. పాతికేళ్ల సందర్భంగా 1998లో వచ్చిన ప్రతిలో దాన్ని తిరిగి చేర్చారు. ఆ సంభాషణ లేకుండా చూస్తే అద్దాలు పగలగొట్టడం సమయస్ఫూర్తి. ఉంటే శిష్యుడికి పాఠం ఒంటబట్టడం. నువ్వు లీ పాత్రకు ఎదుగుదల లేదని రాశావు కాబట్టి, పాత ప్రింటే చూశావేమోనని నా అనుమానం. కొత్తది దొరికితే చూసి, ఆ వాక్యం ఉంచాలో కొట్టెయ్యాలో నువ్వే నిర్ణయించుకో.

నక్షత్రాల రేటింగ్ తీసెయ్. ఓహారా పోరును మొదటి పేరాలోకి తెచ్చి, మిగతాది తిరగరాసి పంపు.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి