కాన్సాయ్‌కి ఐదు రోజులు: నారాకి ఒక పూట చాలదు

నవంబరులో అమ్మానాన్నలతో జపాన్‌లోని కాన్సాయ్ ప్రాంతానికి వెళ్తున్నామని, క్యోటోకి మూడు రోజులు, ఒసాకాకి ఒకటిన్నర, నారాకి ఒక పూట పెట్టుకున్నామని, శాకాహారం సంగతేంటని ఒకరు అడిగారు. మా అమ్మానాన్నలని తీసుకెళ్లినప్పుడు నేనూ దాదాపు ఇలాగే ప్లాన్ వేశాను. నారాలో దిగేసరికి సాయంత్రం నాలుగు. నవంబరులో అక్కడి తోదాయ్‌జీ అనే బౌద్ధ గుడి ఐదింటికే మూసేస్తారు. లోపల పది నిమిషాలు నిలబడ్డామో లేదో బయటికి రావాల్సి వచ్చింది. మర్నాడు క్యోటోలో ఒక పూట వదులుకుని మళ్లీ వెళ్లాం.

నా సలహా ఒకటే. నారా ముందు, తర్వాత క్యోటో, చివర్లో ఒసాకా. ఎనిమిదో శతాబ్దంలో రాజధాని చాలాకాలం నారాలో ఉంది, 794లో క్యోటోకి వచ్చింది. అదే వరసలో చూస్తే కథ దానంతటదే అర్థమవుతుంది.

తోదాయ్‌జీలో సుమారు పదిహేను మీటర్ల కంచు బుద్ధుడున్నాడు. 752లో ఆ విగ్రహానికి నేత్రోన్మీలనం, అంటే కుంచెతో కళ్లు దిద్దే తంతు, చేసింది బోధిసేనుడనే భారతీయ భిక్షువు. ఆయన కుంచెకి కట్టిన పొడవాటి తాళ్లని అక్కడికొచ్చినవాళ్లంతా పట్టుకున్నారట. ఇది చెప్పగానే, అప్పటిదాకా కాళ్లనొప్పులంటున్న నాన్న మళ్లీ వెనక్కి వెళ్లి చూసొచ్చారు. మంటలకీ భూకంపాలకీ దెబ్బతిని, బాగుచేయించుకుంటూ వచ్చిన విగ్రహమది. ఇప్పుడున్న మందిరం 1709 నాటిది. బయట జింకలు తల వంచి దండం పెడతాయి గానీ బిస్కెట్లు అయిపోతే చేతిలో కాగితం కూడా వదలవు. మా మ్యాప్ సగం అలాగే పోయింది.

క్యోటోలో బంగారు గుడి ఫొటోలో ఎలా ఉందో ఎదురుగానూ అంతే. 1950లో కాలిపోతే 1955లో మళ్లీ కట్టారు. దాన్ని గంటలో ముగించి సంజూసాంగెన్‌దో అనే బౌద్ధ గుడికి వెళ్లండి. పొడవాటి చెక్క మందిరంలో 1,001 కన్నోన్ (అవలోకితేశ్వరుడు) విగ్రహాలు. వాటి ముందు వరసలో మన దేవతలే జపాన్ వేషంలో కనిపిస్తారు. వేణువు ఊదుతున్న గరుత్మంతుణ్ణి చూసి అమ్మ కదల్లేదు. లోపల ఫొటోలు తీయనివ్వరు, అదీ మంచిదే. కొండ మీదికి ఎర్ర తోరణాలు బారులు తీరిన ఫుషిమి ఇనారి గుడికి తెల్లవారుజామున వెళ్లండి, టికెట్ లేదు, రాత్రీ పగలూ తెరిచే ఉంటుంది. ఆ తోరణాల వెనకవైపు దాతల పేర్లు రాసుంటాయి. మన గుళ్లలో ఫ్యాన్ రెక్కల మీద రాయించుకున్నట్టే! కొండ మీదిదాకా ఎక్కక్కర్లేదు, మోకాళ్లు ఒప్పుకున్నంత దూరం చాలు.

ఒసాకా కోట 1931లో కాంక్రీటుతో కట్టింది, లోపల లిఫ్టు కూడా ఉంది. నాకు పెద్దగా నచ్చలేదు. కాలవ పక్కన దీపాల బోర్డులతో వెలిగే దోతోన్‌బోరి వీధి మాత్రం రాత్రే చూడాలి. ఎస్కలేటర్ మీద ఒసాకాలో కుడివైపు నిలబడతారు, టోక్యోలో ఎడమవైపు. ఒసాకాలోనే ఉన్న ఉమెదా స్కై బిల్డింగ్ ఎక్కితే ఒక్క మాట గుర్తుంచుకోండి, దాన్ని డిజైన్ చేసిన ఆర్కిటెక్ట్ హిరోషి హారాయే క్యోటో స్టేషన్ని కూడా డిజైన్ చేశారు.

ఇక తిండి. కూరగాయల ఉడాన్ అని తెప్పిస్తే అమ్మ మొదటి చెంచాకే "నీచు వాసన" అంది. నిజమే, అక్కడి చారుకి మూలం దాషి, అందులో సాధారణంగా ఎండు చేప పడుతుంది. "మాంసం వద్దు" అంటే చాలదు, "దాషి కూడా వద్దు" అని జపనీస్‌లో రాయించుకుని చూపించండి. క్యోటోలో సన్యాసుల భోజనం, షోజిన్ ర్యోరి, నిక్కమైన శాకాహారం, కాకపోతే ఖరీదెక్కువ. మిగతా పూటలకి కందిపొడి, ఆవకాయ పెట్టెలో వేసుకోండి. తెల్లన్నం ప్యాకెట్లు ఏ కన్వీనియన్స్ స్టోర్‌లోనైనా దొరుకుతాయి, అక్కడే వేడి చేసుకోవచ్చు.