ఫారంలో సంతకం పెట్టినా స్కూలు బాధ్యత పోదు

ప్రశ్న: మాది తిరుపతి, బైరాగిపట్టెడ. మా బాబు ప్రైవేట్ స్కూల్లో మూడో తరగతి. ఇంటర్వెల్‌లో జారుడుబల్ల మెట్టు ఊడిపోయి కిందపడ్డాడు, మోచేయి విరిగింది. గ్రౌండ్‌లో టీచర్ ఎవరూ లేరు. మెట్టు ఊగుతోందని పిల్లలు అంతకుముందే చెప్పారట. 'ఆటల్లో దెబ్బలకు బాధ్యత మాది కాదని అడ్మిషన్ ఫారంలో సంతకం పెట్టారుగా' అంటున్నారు. పది వేలిచ్చి, ఇక కేసు వేయబోమని రాసివ్వమంటున్నారు. గట్టిగా అడిగితే టీసీ ఇచ్చేస్తారేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఆ కాగితంపై సంతకం పెట్టకండి. అది ఎముకలు పెరిగే వయసు. చేయి మళ్లీ మామూలుగా చాపగలడో లేదో డాక్టర్ తేల్చకముందే నష్టానికి లెక్క కట్టకూడదు.

పరుగెత్తుతూ పడి మోకాలు గీసుకుంటే స్కూలును కోర్టుకు లాగమని నేనెవరికీ చెప్పను. ఇక్కడ జరిగింది వేరు. పిల్లలు చెప్పినా బాగుచేయించలేదు, కనిపెట్టుకుని ఉండే మనిషినీ పెట్టలేదు. ఇది నిర్లక్ష్యం. ఫారంలో ముందుగానే అచ్చు వేసుకున్న వాక్యం దీన్ని మాఫీ చేయలేదు. 1995లో పిక్నిక్‌కు వెళ్లిన 14 మంది విద్యార్థులు బియాస్ నదిలో మునిగి చనిపోయారు. టీచర్ల నిర్లక్ష్యానికి యాజమాన్యమే ఒక్కో బిడ్డకు 5 లక్షలు కట్టాలన్న తీర్పును 2001లో సుప్రీంకోర్టు సమర్థించింది.

ఈరోజే ఆ మెట్టు ఫొటోలు తీయండి. జారుడుబల్లను వెంటనే మూసేయాలని, సీసీ కెమెరా రికార్డింగ్ దాచి ఉంచాలని హెడ్మాస్టర్‌కు రాసిచ్చి, మీ కాపీపై స్టాంప్ వేయించుకోండి. రేపు ఇంకో బిడ్డ అదే మెట్టు ఎక్కకూడదు కదా! ఎక్స్‌రేలు, బిల్లులు పారేయకండి.

పోలీసులకూ ఫిర్యాదు ఇవ్వవచ్చు. ఎముక విరగడం చట్టం దృష్టిలో తీవ్ర గాయమే. నిర్లక్ష్యంతో అలాంటి గాయం చేస్తే భారతీయ న్యాయ సంహిత 125వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు పడవచ్చు. పరిహారం కోసం బాబు తరఫున మీరు సివిల్ కోర్టులో దావా వేయవచ్చు. వినియోగదారుల కమిషన్ దారి కూడా ఉంది, గడువు రెండేళ్లు. కానీ అక్కడికి వెళ్లాలంటే మీరు డబ్బు కట్టి పొందింది 'సేవ' అయి ఉండాలి. చదువు 'సేవ' కాదని స్కూలువాళ్లు అడ్డు చెబుతారు, అందుకే నా మొగ్గు సివిల్ కోర్టు వైపే. ఖర్చుకు భయపడకండి. 1987 న్యాయసేవల చట్టం ప్రకారం పిల్లలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. కోర్టు ఆవరణలోని న్యాయసేవా సంస్థలో అడగండి.

ఇక టీసీ మాట. ఎనిమిదో తరగతి పూర్తయ్యే దాకా ఏ బిడ్డనూ స్కూలు నుంచి తీసేయకూడదని విద్యాహక్కు చట్టం 16వ సెక్షన్ చెబుతోంది. ఎవరైనా ఆ మాట ఎత్తితే, రాతలో ఇవ్వమని అడిగి, దాంతో జిల్లా విద్యాధికారి (డీఈఓ)కి ఫిర్యాదు చేయండి.