పాత ఫోర్ వీల్ పికప్పును ఎత్తు పెంచే ముందు

చిరంజీవికి,

పస్రా, తాడ్వాయి దిక్కు వానకాలం దారులకు పనికొస్తుందని ఆ పాత మహీంద్రా ఫోర్ వీల్ పికప్పు కొన్నావు, సంతోషం. నాలుగు అంగుళాలు లేపుతానంటున్నావు చూడు, అక్కడే నాకు టెన్షన్. రెండు చాలు బిడ్డా. అది కూడా ముందు కొలిచి చూశాకే.

బండిని చదును నేల మీద ఆపి, ప్రతి చక్రం నడిమి నుంచి మడ్‌గార్డు అంచు దాకా టేపుతో కొలిచి రాసుకో. బరువులు మోసీ మోసీ కమాన్ పట్టీలు, అంటే బండిని మోసే ఇనుప స్ప్రింగు పట్టీలు, కుంగిపోతాయి. ఆ పట్టీల కట్టలు కొత్తవి వేస్తే కంపెనీ ఎత్తు తిరిగొస్తుంది. చాలా బండ్లకు అంతకుమించి అక్కరే ఉండదు. ఇంకోటి, కమాన్ కట్టలు లేపితే బాడీ లేస్తుంది గానీ కింద యాక్సిల్ నడిమి గేర్ల గుండు, డిఫరెన్షియల్, ఉన్నచోటే ఉంటుంది. వాగులో బండరాయికి ముందు తగిలేది అదే. దాన్ని లేపేది పెద్ద టైరు ఒక్కటే.

ఎత్తు పెంచే సామాన్ల కిట్ కొనకముందే ఆర్టీవో ఆఫీసుకు పోయి అడుగు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ కొలతలు మనిష్టంగా మార్చడానికి లేదు, 2019లో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. పదిహేనేళ్లు దాటిన బండి, రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కు తీసుకుపోయినప్పుడు ఇన్‌స్పెక్టర్ చూడక మానడు.

ఆటోనగర్‌లో ఎవరైనా "ఇంకో రెండు పట్టీలు ఎక్కిద్దాం" అంటే వద్దను. బండి లేస్తుంది, కానీ ఖాళీగా పోయేటప్పుడు ఎడ్లబండిలా ఎత్తేస్తుంది. కట్ట చివరను ఛాసిస్‌కు కలిపే షాకిల్స్ పొడుగువి వేస్తే వచ్చేది కూడా తక్కువే, రెండు అంగుళాలు పొడవు పెంచితే బండి లేచేది ఒక్క అంగుళమే. పైగా ముందు యాక్సిల్ వాలు మారి స్టీరింగ్ దానంతటది తిరిగి రాదు, రోడ్డు మీద బండి అటూఇటూ పోతుంది. ముందు యాక్సిల్ మీద దిమ్మెలు పెట్టి లేపుతామంటే మాత్రం తాళం తీసుకుని ఇంటికి వచ్చెయ్. గట్టిగా బ్రేకు కొట్టినప్పుడు అవి జారితే ఇక స్టీరింగ్ నీ చేతిలో ఉండదు.

మంచి ఆకారం ఉన్న కొత్త కట్టలు, వాటికి సరిపడే పొడుగు షాక్ అబ్సార్బర్లు, కట్టను యాక్సిల్‌కు బిగించే యూ బోల్టులు కొత్తవి తీసుకో. పాత యూ బోల్టు ఒకసారి సాగాక మళ్లీ పట్టు నిలబెట్టదు.

పని చేసేటప్పుడు ఛాసిస్ కింద గట్టి స్టాండ్లు పెట్టాలి, ఇటుకలు కాదు. విల్లీస్ జీపు రకం పాత బండ్లకు ఎడమ పక్క చక్రాల నట్లు ఉల్టా తిరుగుతాయి. అది తెలియక పానాకు పైపు తొడిగి బలంగా తిప్పి స్టడ్లు విరగ్గొట్టేవాళ్లున్నారు. కట్టలు బిగించాక యాక్సిల్‌ను పూర్తిగా కిందికి వేలాడనిచ్చి, స్టీరింగ్ ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పిస్తూ బ్రేకు హోస్ పైపుల దగ్గర కూర్చుని చూడు. పైపు తీగలా బిగుసుకుంటే పొడుగుది వేయాల్సిందే. గేర్‌బాక్సు దిక్కు నుంచి యాక్సిల్‌కు తిరుగుడు అందించే ప్రొపెల్లర్ షాఫ్ట్‌లో లోపలికీ బయటికీ జారే స్లిప్ జాయింట్ ఎంత బయటికొచ్చిందో కూడా చూడు. షాఫ్ట్ వాలు ఎక్కువైతే దాని చివర్లలో ఉండే కీళ్లు, క్రాసులు, తొందరగా పోతాయి, స్పీడులో బండి అదురుతుంది.

రబ్బరు బుష్‌లైతే కట్ట చివరి గుండ్రటి రంధ్రాల (కళ్ల) బోల్టులు బండి నేల మీద తన బరువుతో నిలబడ్డాకే చివరి బిగింపు బిగించు. గాలిలో ఉండగా బిగిస్తే రబ్బరు మెలిపడి నెలల్లో చిరుగుతుంది. కొన్ని రోజులు తిప్పాక యూ బోల్టులు మళ్లీ బిగించు, అలైన్‌మెంట్ చేయించు.

ఎత్తయిన బండి మలుపుల్లో ఒరుగుతుంది. వడ్ల బస్తాలు వేసుకుని పాత స్పీడుతో తిప్పకు. హెడ్‌లైట్లు కూడా కిందికి దింపించు, లేకుంటే ములుగు రోడ్డు మీద ఎదురొచ్చేవాళ్లంతా నిన్ను తిట్టుకుంటూ పోతారు.

మీ పెద్దబాపు